ఇరవై ఆరు డిగ్రీల పాలు

నేను ఒక పాలమీటరును. జానెడు పొడుగు గాజుగొట్టాన్ని. అడుగున పొట్టలో సీసపు గుళ్లు, పైన సన్నటి మెడలో సున్నా నుంచి నలభై దాకా గీతలున్న కాగితపు చుట్ట. పాలలో వదిలితే నిటారుగా తేలతాను. బరువైన పాలలో కాస్త పైకి, తేలిక పాలలో కాస్త లోపలికి. పాలమట్టం నా మెడ మీద ఏ గీతను తాకితే అది ఆ పాల డిగ్రీ. నా చదువు అంతే. ఇంత చిన్న చదువును నమ్ముకుని మనుషులు ఎంత దూరం పోతారో చెప్పాలనే నోరు విప్పాను. నా లోపల ఉన్నది సీసం, కాబట్టి మెత్తగా చెబుతానని ఆశపడకండి.

నన్ను ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో ఊదారు. ఊదినవాడు దగ్గుమనిషి. ఒక్కో గొట్టంలో గుళ్లు పోసి, నీళ్లలో ముంచి, సరిగ్గా సున్నా దగ్గర నిలబడేదాకా ఒక గుండు తీసేవాడు, ఒక గుండు వేసేవాడు. ఎంతకీ కుదరని గొట్టాన్ని గోడకేసి కొట్టి మరొకటి అందుకునేవాడు. నేను మూడో గుండుకే కుదిరాను. నా కళ్లముందు పగిలిన వాళ్లను చూసి, నా అంత నిక్కచ్చిది లోకంలో లేదని అనుకున్నాను. ఆ పొగరు చాలా ఏళ్లు ఉంది.

నా మొదటి యజమాని టౌను డెయిరీలో సూపర్‌వైజరు దావూద్ సాయిబు. పద్ధతి గల మనిషి. పాలు పిండిన వేడి ఆరాలి, గరిటెతో నెమ్మదిగా కలపాలి, నురగ తీసేయాలి, అప్పుడే నన్ను ముంచేవాడు. వెచ్చటి పాలు తేలికవుతాయి, వాటిలో నేను రెండు మూడు గీతలు ఎక్కువ మునుగుతాను. అది నీళ్ల వల్ల అనుకుంటే పాడి మనిషికి అన్యాయం చేసినట్టే. ఇంకో మాట కూడా చెప్పేవాడాయన. వెన్న ఎక్కువున్నా పాలు తేలికే, కాబట్టి ఈ గొట్టం బరువొక్కటే చెబుతుంది, పాల సత్తువ దీనికి తెలియదు అని. పదవీ విరమణ రోజున నన్ను గుడ్డలో చుట్టి, అప్పుడే ఊళ్లో పాలకేంద్రం తెరుస్తున్న మాలకొండయ్య చేతికిచ్చి, ఇదంతా రెండుసార్లు చెప్పాడు. మాలకొండయ్య రెండుసార్లూ తల ఊపాడు. తలకాయ ఊపడానికి చెవులతో పనిలేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ ఊరు కందుకూరు అవతల మెట్టలో ఉంది. వానను నమ్ముకోలేని ఊరు, అందుకని ఇంటికి రెండు గేదెలు. మాలకొండయ్య ఇంటి ముందుగదే పాలకేంద్రం. గది కిటికీలో నా పొడుగాటి గాజు జాడీ, ఆ జాడీలో నేను. ఇటు చూస్తే బజారు, అటు చూస్తే ఇంటి వసారా. తెల్లవారకముందే ఆడవాళ్లు చెంబులతో, క్యారియర్లతో వరసకట్టేవాళ్లు. మాలకొండయ్య ఒక్కొక్కరి పాలు జాడీలో పోసి, నన్ను వదిలి, మోకాళ్ల మీద వంగి, ఒక కన్ను మూసి చూసేవాడు. చూసింది వెంటనే చెప్పేవాడు కాదు. ఎదురుగా ఉన్న మనిషి గొంతులో తడి ఆరేదాకా ఆగేవాడు. ఇరవై ఎనిమిదికి తగ్గితే "నీళ్లు" అని ఒకే మాట. ఆ మాట పడ్డ ఆడమనిషి వరస మొత్తం దాటుకుంటూ తల వంచుకుని పోవాల్సిందే.

ఒకరోజు చెంచమ్మ అనే ఒంటరి ఆడమనిషి, గేదె ఆలస్యంగా చేపిందని, పిండిన పాలు పిండినట్టే పరుగున తెచ్చింది. చెంబు ఇంకా వెచ్చగానే ఉంది. నేను ఇరవై ఆరు దాకా మునిగాను. ఒక్క పావుగంట ఆగితే ఇరవై తొమ్మిది చూపించేదాన్ని. మాలకొండయ్య ఆగలేదు. చెంబు ఆమె చేతనే గుమ్మం ముందు పారబోయించాడు. చెంచమ్మ ఏడవలేదు, గొడవపడలేదు, ఖాళీ చెంబు చంకన పెట్టుకుని వెళ్లింది. నేను చెప్పింది అబద్ధం కాదు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను.

మాలకొండయ్యకు భార్య సుబ్బరత్నం, కూతురు శకుంతల, కొడుకు తిరుపాలు. తండ్రీకొడుకులిద్దరూ పొడుగు, ఇద్దరూ ఎముకల పోగులు. చొక్కా వాళ్ల ఒంటిమీద కాక భుజాల మీద వేలాడేది. తిరుపాలు సాయంత్రం పూట పాలు చూసేవాడు. నన్ను చదవడం వాడికి చిన్నప్పుడే వచ్చు, అక్షరాల కన్నా ముందే వచ్చిందని సుబ్బరత్నం మురిసిపోయేది. వాడి పెళ్లాం మస్తానమ్మ. నెల్లూరు వైపు పిల్ల, ఏడో తరగతి చదివింది, మాట నెమ్మది. పొద్దున పాలు ముగిశాక నన్ను గోరువెచ్చటి సోడా నీళ్లలో కడిగి, తన పాతచీర గుడ్డతో తుడిచి జాడీలో నిలబెట్టేది ఆమే. ఆ ఇంట్లో నన్ను రెండు చేతులతో పట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఆ ఏడు ఒకే నెలలో ఆ ఇంటికి ఇద్దరు బిడ్డలు పుట్టారు. శకుంతల పురిటికి పుట్టింటికొచ్చి కొడుకును కన్నది. మస్తానమ్మ తన పుట్టింట్లో కూతుర్ని కని, మూడో నెలలో తీసుకొచ్చింది. ఇద్దరూ తల్లిపాలే తాగుతున్నారు. ఇద్దర్నీ వసారాలో ఒకే బొంత మీద పక్కపక్కన పడుకోబెట్టేవాళ్లు. అదే వచ్చిన చిక్కు. వేరువేరు ఇళ్లలో ఉంటే ఎవరూ పోల్చేవాళ్లు కాదు. శకుంతల కొడుకు చేతులకు మణికట్టు దగ్గర మడతలు, తొడల మీద మడతలు, మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. మస్తానమ్మ కూతురు పొడుగ్గా, సన్నగా, పెద్ద కళ్లతో ఉండేది. అందర్నీ చూసి నవ్వేది, కాళ్లు ఆడించి బొంత దిగిపోయేది. పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్లు వసారాలోకి తొంగిచూసి మగపిల్లవాణ్ణి ఎత్తుకుని ముద్దులాడి, ఆడపిల్లను చూసి నాలుక చప్పరించి పోయేవాళ్లు.

చీపురుపుల్ల అని మొదట సుబ్బరత్నమే అన్నది. ముద్దుగానే అన్నట్టు అన్నది. వారం తిరక్కుండా ఆ పిల్లకు అదే పేరైంది. అసలు పేరు కామాక్షి అని ఎవరికీ గుర్తులేదు, తల్లికి తప్ప. మస్తానమ్మ దానికి పాలిచ్చి భుజాన వేసుకుంటే, అప్పుడే దించావేంది, పట్టుమని పది గుక్కలు తాగిందా అని అత్త అడిగేది. పిల్లే వదిలేసింది అత్తా అంటే, పాలుంటే ఎందుకు వదుల్తది అనేది. శకుంతల కొడుకు అరగంట వదిలేవాడు కాదు. ఆ అరగంటసేపూ సుబ్బరత్నం కోడలి వైపు చూస్తూ కూర్చునేది.

నెలకోసారి నర్సమ్మ జ్ఞానసుందరమ్మ వచ్చేది. వసారా దూలానికి తక్కెడ తగిలించి పిల్లలను ఉయ్యాల గుడ్డలో వేలాడదీసి తూచేది. నాలాంటిదే మరో కొలత సామాను కదా అని దాన్ని కాస్త ఆసక్తిగా చూసేదాన్ని. ఆమె కార్డు మీద చుక్క పెట్టి, కామాక్షి గీత కిందగా ఉన్నా నెలనెలా పైకే పోతుందని మస్తానమ్మకు వేలితో చూపించింది. మస్తానమ్మ ఆ కార్డును జాకెట్లో దాచుకుంది. సుబ్బరత్నం మాత్రం, ఇద్దరూ తల్లిపాలే తాగుతుంటే ఒకటి గుమ్మడికాయా ఒకటి పొట్లకాయా ఎట్టా అయింది, దీని పాలలోనే ఏదో ఉంది అన్నది. నర్సమ్మ సంచి కింద పెట్టింది.

"పాలలో ఏం లేదమ్మా, మీ ఎముకలోనే ఉంది. నీ మొగుణ్ణి చూడు, నీ కొడుకును చూడు. ఈ పిల్ల అచ్చం వాళ్లే. మీ అల్లుడు ఎట్టా ఉంటాడు? వాడి బిడ్డ అట్టా ఉన్నాడు. రొమ్ము తాగే బిడ్డ కడుపు నిండంగానే వదిలేస్తది. ఒకరికి ఐదు నిమిషాలు పడితే ఒకరికి అరగంట పడతది, ఒకరికి కొంచెం చాలు, ఒకరికి ఎంతైనా చాలదు. పిల్ల నవ్వుతుందా, రోజుకు ఆరేడు గుడ్డలు తడుపుతుందా, బరువెక్కుతుందా? మూడూ ఉంటే ఇంక దాని జోలికి పోబాకండి."

ఆమె అంత విడమరిచి చెప్పింది. విన్నవాళ్లు ముగ్గురు. మస్తానమ్మ విని ఏడుపు ఆపుకుంది. శకుంతల విని కొడుకును ఇంకో పక్కకు మార్చుకుంది. సుబ్బరత్నం మాత్రం, మా వంశానికి వంక పెడుతుందేంది ఈమె, నా తిరుపాలు పుట్టినప్పుడు పనసకాయ మాదిరి ఉండేవాడు అని వారం రోజులు వరసలోని ఆడవాళ్లందరికీ చెప్పింది. తిరుపాలు పుట్టుక చూసిన ముసలమ్మలు ఇద్దరు ఆ వరసలో ఉన్నారు. వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

చైత్రమాసం, ఎండలు ముదిరాయి. ఒక పొద్దున వరసలో మళ్లీ ఇదే మాట నడుస్తోంది. చెంచమ్మ తన వంతు వచ్చి చెంబు బల్ల మీద పెట్టి, చాలా మామూలుగా అడిగింది. ఊరందరి పాలకూ డిగ్రీ చూస్తావే మాలకొండన్నా, మీ ఇంటి పాలకు ఎప్పుడన్నా చూశావా అని. వరస మొత్తం గొల్లుమంది. చెంబు పారబోసిన రోజు నుంచి ఆమె ఆ మాటను ఎంత కాలం పదును పెట్టుకుందో నాకు తెలియదు. మాలకొండయ్యను పొడవాలనుకుంది. ఆ పోటు ఎవరికి తగులుతుందో ఆలోచించలేదు.

మాలకొండయ్య నవ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో పాల మంచిచెడ్డలు తేల్చినవాడు. తన ఇంట్లో పాల సంగతి తేల్చడానికి తనకు తోచకపోవడమేమిటని నిజంగానే ఆశ్చర్యపోయాడు. మర్నాడు పొద్దున సుబ్బరత్నం ఒక స్టీలు గ్లాసు తీసుకెళ్లి కోడలి చేతికిచ్చింది.

నా జాడీ నిండాలంటే ఆ గ్లాసుతో గ్లాసున్నర కావాలి. మస్తానమ్మ తలుపు దగ్గరకు వేసుకుని పిండుకోవడం మొదలుపెట్టింది. తెల్లారి మొదలుపెడితే మొదటి పావుగ్లాసు తొందరగానే వచ్చింది, తర్వాత చుక్కలే. పక్కన కామాక్షి ఆకలికి ఏడుస్తోంది. ఒక్క నిమిషం పట్టిస్తానత్తా అని మస్తానమ్మ అడిగితే, జాడీ నిండనీ, తర్వాత పట్టించుకో అన్నది సుబ్బరత్నం. పిల్ల ఏడుపు వింటే పాలు చేపుతాయి. ఆ సంగతి పాడి ఇంటి మనిషికి తెలుసు. అందుకే పిల్లను తల్లికి కనబడేట్టు గుమ్మంలో పడుకోబెట్టింది. ఎండ వసారా దాటి గదిలోకి వచ్చేటప్పటికి గ్లాసున్నర అయింది. కామాక్షి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఆ పాలు ఆ ఎండకు కాచినట్టే ఉన్నాయి. వేడి ఆరనివ్వలేదు. మాలకొండయ్య జాడీలో పోసి నన్ను వదిలాడు. నా జీవితంలో అలాంటి పాలు ఎన్నడూ తాకలేదు. కాస్త నీలిగా, తియ్యగా ఉన్నాయి. నా మెడ మీద గీతలు గేదె కోసం, ఆవు కోసం గీసినవి. మనిషి బిడ్డకు ఏ పాలు ఎంత ఉండాలో ఆ కాగితం మీద లేదు. నేను ఊగాను, ఆగాను. ఇరవై ఆరు. ఆ వేడి ఆరితే పైకే వచ్చేదాన్ని, అది ఆయనకు రెండుసార్లు చెప్పిన మాటే. ఆయన తన అలవాటు ప్రకారం కాసేపు ఏమీ చెప్పలేదు. వసారాలో సుబ్బరత్నం, శకుంతల, తిరుపాలు, గుమ్మంలో మస్తానమ్మ.

"నీళ్లు," అన్నాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఎదురు మాట్లాడని మస్తానమ్మ లోపలికొచ్చింది. జాకెట్టు ముందుభాగం ఇంకా తడిగా ఉంది.

"వదిన పాలు కూడా చూడు మామా."

సుబ్బరత్నం మండిపడింది. శకుంతలకు మాత్రం ముచ్చటేసింది. తన పాలు ఎంత గొప్పవో తేలుతుంది కదా అని గ్లాసు తీసుకుని గదిలోకి పోయింది, గంట తిరక్కుండా గ్లాసున్నర పిండుకొచ్చింది. పిండిన పాలు, వెచ్చటివి, మీద నురగ. జాడీలో పోశారు. నేను ఇంకా లోపలికి పోయాను. ఇరవై ఐదు. శకుంతల పాలు మంచివి కాకపోలేదు, వెన్న దండిగా ఉంది, అందుకే తేలికయ్యాయి. దావూద్ సాయిబు ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాడు. మాలకొండయ్య వంగి, కన్ను మూసి, గీత చూశాడు. ఈసారి ఆగలేదు. మస్తానమ్మ వంగేలోపే నన్ను చటుక్కున పైకి తీసి, పంచె కొంగుతో మెడ తుడిచి, "ముప్పై" అన్నాడు.

జాడీకి అవతలి పక్క తిరుపాలు ఉన్నాడు. వాడి కళ్లు నా మెడకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. వాడు గీత చూశాడు. తండ్రి మొహం చూశాడు. తర్వాత చెప్పులేసుకుని బజారుకు పోయాడు. నేను అబద్ధమాడనని నాకు ఎంత పొగరో మొదట్లోనే చెప్పాను. అబద్ధమాడకపోవడం ఎంత పనికిమాలిన గుణమో ఆ రోజు తెలుసుకున్నాను. నన్ను చదివేవాడి నోరే నా నోరు.

పాలు మాన్పించాలని ఆ మధ్యాహ్నమే నిర్ణయించారు. నీళ్లపాలు తాగించి పిల్లను ఇంకా ఎండబెట్టకూడదు కదా. మస్తానమ్మ అత్త కాళ్లు పట్టుకున్నది. కార్డు తీసి చూపించింది. ఆ కార్డు నర్సమ్మ రాసిందనీ, మీటరు అబద్ధం చెప్పదనీ సుబ్బరత్నం అన్నది. పాలు ఇంకిపోవాలంటే మల్లెపూలు రొమ్ములకు కట్టాలని ఆ వైపు వాడుక. పూలు తెమ్మని తిరుపాలును పంపారు. పెళ్లయిన రెండేళ్లలో వాడు పెళ్లానికి ఒక్క మూర పూలు తెచ్చింది లేదు. ఆ సాయంత్రం తామరాకు పొట్లం పట్టుకుని కేంద్రం గదిలోంచే లోపలికి పోయాడు. గది మొత్తం వాసన కొట్టింది.

ఐదు రోజులు రోజూ పూలు తెచ్చాడు. వాడిపోయినవి తీసి కొత్తవి పెట్టి, పాత పంచె చింపి బిగించి కట్టారు. రొమ్ములు రాళ్లయి మస్తానమ్మకు జ్వరం వచ్చింది. కట్టు తడిసేది. కామాక్షి వాసన పట్టి తల్లి ఒంటిమీదికి ఎగబడేది, ఆ కట్టును నోటితో వెతికేది. అప్పుడు శకుంతల వచ్చి పిల్లను ఎత్తుకుపోయేది. పదో రోజుకు కట్టు పొడిగా ఉంది. సుబ్బరత్నం కట్టు విప్పి చూసి, పీడ వదిలింది అన్నది.

పిల్లకు సీసాతో గేదెపాలు పట్టారు. కేంద్రానికొచ్చిన పాలలోంచి ముప్పై రెండు డిగ్రీలున్నవి చూసి, నీళ్లు కలపకుండా పట్టారు. మొదటి వారం పొట్ట ఉబ్బి పిల్ల కాస్త నిండుగా కనబడింది. మాలకొండయ్య దాన్ని ఎత్తుకుని వరసలోని ఆడవాళ్లకు చూపించాడు. చూశారా, పది రోజుల్లో ఎట్టా తేరుకుందో అన్నాడు. వాళ్లు అవునన్నారు. ఆ మర్నాడు ఒక అత్త తన కోడల్ని వెంటబెట్టుకుని, ఆ పిల్ల పాలు కూడా కాస్త చూసిపెట్టమని వచ్చింది. తర్వాత ఇంకొకరు. వాళ్ల సంగతి చెప్పను. నాకు గుర్తున్నాయి, అన్నీ ఇరవై ఆరూ ఇరవై ఏడూ.

మూడో వారం కామాక్షికి విరేచనాలు పట్టుకున్నాయి. పాలు అరగలేదని ఒకరోజు, దిష్టి అని ఒకరోజు, పళ్లొస్తున్నాయని ఒకరోజు. సీసా మూతి మీద ఈగలు ముసిరేవి, అది మాత్రం ఎవరి కంటా పడలేదు. పిల్లకు ఏడ్చే ఓపిక పోయింది. ఏడుపు తగ్గింది కాబట్టి నయమవుతుందన్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. ఎవరు కబురు చేశారో ఎవరికీ తెలియలేదు. చెంచమ్మ ఆ రోజు పొద్దున పాలు పోసి, టౌను వైపు నడుచుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను.

జ్ఞానసుందరమ్మ పిల్ల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం మడత పడి అట్లాగే ఉండిపోయింది. ఆమె గట్టిగా అరవలేదు. ఆటో పిలిపించమన్నది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ, అందాకా రొమ్ము పట్టించమని మస్తానమ్మతో అన్నది. మస్తానమ్మ జాకెట్టు విప్పి చూపించింది. నర్సమ్మ అక్కడ చుక్క కూడా లేదని చూసి, శకుంతల వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు రా. దీని నోట్లో నాలుగు చుక్కలు పిండు. చుక్క చుక్కా పొయ్యి."

శకుంతల వెనకాడలేదు. ఆ మాట నేను దాచను. కొడుకును చాప మీద దించి హుక్కు తీస్తూ వచ్చింది. అప్పుడు మాలకొండయ్య గది గుమ్మంలోంచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మనిషి మొహంలో నిజమైన భయం ఉంది. మనవరాలు బతకాలనే ఆయన కోరిక, అందులో అనుమానం లేదు. నన్ను అంత గట్టిగా నమ్మాడు కూడా.

"దాని పాలు వద్దు. ఇరవై ఐదే ఉన్నాయి, ఇంకా నీళ్లు. చావుబతుకుల్లో ఉన్న పిల్లకు ఆ పాలేం ఆనతాయి?"

శకుంతల చెయ్యి హుక్కు దగ్గరే ఆగిపోయింది. తలతిప్పి చాప మీద ఉన్న తన కొడుకును చూసుకుంది. మడతలు మడతలుగా ఉన్న ఆ కాళ్లను, వాడెప్పుడు చిక్కిపోయాడా అన్నట్టు చూసుకుంది. మస్తానమ్మ మామ వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

"ఆ రోజు నువ్వు చూశావు గదా?"

తిరుపాలు నేల చూపులు చూశాడు.

"నాయన ముందర ఎట్టా చెప్పేది?" అన్నాడు.

నర్సమ్మ శకుంతలను రెక్కపట్టి లాగి కూర్చోబెట్టి, పాలు చెంచాలోకి తనే పిండి పిల్ల నోట్లో పోసింది. సగం పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఆటో వచ్చింది. మస్తానమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కింది, నర్సమ్మ పక్కన ఎక్కింది, తిరుపాలు డ్రైవరు పక్కన ఎక్కాడు. మూడో రోజు పొద్దున వాళ్లు తిరిగొచ్చేటప్పటికి పాల వరస సగం అయింది. మస్తానమ్మ చేతుల్లో మూట కదలడం లేదు. వరస పక్కకు జరిగి దారి ఇచ్చింది. చెంచమ్మ చెంబు కింద పడేసుకుంది.

మనుషులు దుఃఖపడతారు, కాదనను. మాలకొండయ్య రెండు రోజులు కేంద్రం మూసేశాడు. మూడో రోజు నుంచి అడిగినవాళ్లకు అడగనివాళ్లకు ఒకటే చెప్పాడు. పాలు మాన్పించడంలో ఆలస్యమైంది, ఇంకో నెల ముందు మీటరు పెట్టి చూసుంటే పిల్ల దక్కేది అని. జనం తలలూపారు. సుబ్బరత్నం, అది మొదట్నుంచీ నిలిచే పిల్ల కాదన్నది. శకుంతల ఆ వారమే మొగుడికి కబురుపెట్టి, కొడుకును చంకన వేసుకుని బస్సెక్కింది. తన పాల సంగతి అత్తగారింట్లో ఎవరికీ చెప్పొద్దని తండ్రి దగ్గర ఒట్టు వేయించుకుని పోయింది. మస్తానమ్మ మళ్లీ నన్ను కడగడం మొదలుపెట్టింది. సోడా నీళ్లు, పాతచీర గుడ్డ, రెండు చేతులు. కింద పడేస్తుందని రోజూ ఎదురుచూశాను. అది ఆమెకు తోచనైనా లేదు.

రెండేళ్లకు డెయిరీ వాళ్లు కేంద్రానికి కరెంటు మిషను ఇచ్చారు. కాసిని పాలు పోస్తే వెన్న శాతంతో సహా ఎర్రటి అంకెలు చూపిస్తుంది. నా జాడీని సుబ్బరత్నం ఊరగాయ గరిటెలు పెట్టుకోడానికి తీసుకుపోయింది. నన్ను బల్ల సొరుగులో పడేశారు. తుప్పుపట్టిన తాళంచెవులు, ఎండిపోయిన పెన్నులు, కాలం చెల్లిన రసీదు పుస్తకాలు నా ఇరుగుపొరుగు. గాజుకు ఇది మంచి చావే అనుకున్నాను. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగరు, నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. జీవితంలో మొదటిసారి సుఖంగా పడుకున్నాను.

ఆ మధ్యే మస్తానమ్మకు కొడుకు పుట్టాడు. సొరుగులోంచి నేను చూడలేదు, మాటలు విన్నాను. పొడుగ్గా ఉన్నాడట, సన్నగా ఉన్నాడట, అచ్చం తాతట. నాలుగో నెల వచ్చేసరికి అత్త గొంతు మళ్లీ పాతదారిన పడింది. జ్ఞానసుందరమ్మ అప్పటికి బదిలీ మీద వేరే మండలం పోయింది. కొత్త నర్సు కార్డు మీద చుక్క పెట్టి ఏమీ చెప్పకుండా పోయేది.

ఒక మధ్యాహ్నం, ఇంట్లోవాళ్లు అన్నాలు తిని పడుకున్న వేళ, సొరుగు తెరుచుకుంది. మస్తానమ్మ చెయ్యి. గది తలుపు గడియ పెట్టి ఉంది. బల్ల మీద పొడుగాటి ఇత్తడి గ్లాసు, అందులో పాలు. ఎప్పటినుంచి పిండుకుందో, జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంది. లోపల పిల్లవాడు ఆకలికి ఏడుస్తున్నాడు. ఆ పాలు వాడివే.

ఆమె ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. శకుంతల పాల గురించి మామ అబద్ధం చెప్పాడు, మొగుడు నోరు మూసుకున్నాడు, అది ఆమెకు తెలుసు. కానీ తన పాల గురించి ఆ రోజు ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇరవై ఆరు నిజంగానే ఇరవై ఆరు. రెండేళ్లుగా ఆ అంకె ఆమె ఒంట్లో ఉండిపోయింది. మనుషుల మాట పోయినా నా మాట ఆమెకు మిగిలింది.

నన్ను రెండు చేతులతో గ్లాసులోకి దించింది. నేను పైకి రావాలని చూశాను. ఒక్క గీత, రెండు గీతలు, ఎంతో కాదు. నా పొట్టలో సీసం నన్ను ఎక్కడ నిలబెట్టాలో అక్కడే, ఆ పాత ఇరవై ఆరు దగ్గరే నిలబెట్టింది. ఆమె మోకాళ్ల మీద వంగి, ఒక కన్ను మూసి, నా మెడ చదువుకుంది. లోపల పిల్లవాడి ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. సుబ్బరత్నం లేచి సీసా నోట్లో పెట్టి ఉంటుంది. మస్తానమ్మ అటు చూడలేదు. నన్ను పైకి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ ముంచింది.